సాసర్ చాయ్

కొమురమ్మను తోపుడుబండి మీద వేసుకుని నీలి తలుపుల హోటల్ ముందు నుంచి తీసుకుపోతున్నప్పుడు సీమోను చేతుల్లో నాలుగు చాయ్ కప్పులున్నాయి. బండి అంచు మీంచి ఒక చెయ్యి కిందికి వేలాడుతోంది. మోచేతి దాకా తడిమట్టి. గాజులన్నీ చిట్లిపోయి ఒక్కటే మిగిలింది. సీమోను ఆ చేతిని గుర్తుపట్టాడు. మూడు గంటల కిందట హోటల్ మెట్టు పక్కన సాసర్ పట్టుకున్న చెయ్యి అదే.

బండి తోస్తున్నవాడు ఆమె మొగుడు మైసయ్య. అతని వెనక పారలూ తట్టలూ అట్లాగే పట్టుకుని ఇరవై మంది కూలీలు ఉరుకుతున్నారు. "దేవిడి గోడ వడ్డది! గోడ మీద వడ్డది!" అని ఎవరో అరిచారు. దేవిడి అంటే పాత నవాబుల బంగళా, దాని గోడ పక్కనే వాళ్ల పని. హోటల్లో ఉన్నవాళ్లంతా కప్పులు వదిలేసి బయటికి వచ్చారు. బండి పెద్దాసుపత్రి దాకా పోలేదు. చౌరస్తా దాటకముందే వెంట ఉరుకుతున్న కూలీ రాజమణి నెత్తి కొట్టుకుని ఏడ్వడం వినిపించింది. సంగతి అందరికీ అర్థమైపోయింది.

ఇది డెబ్బై ఎనిమిది వానాకాలం మాట. పేపర్లో రాలేదు కాబట్టి నేను చెప్పాల్సి వస్తోంది. చెప్పే ముందు ఆ హోటల్ రివాజు ఒకటి మీకు తెలియాలి.

హుస్సేనీ ఆలంలో నీలి తలుపుల ఇరానీ హోటల్ ముందున్న అరుగే కూలీల అడ్డా. బహదూర్‌పురా వైపు బస్తీల నుంచి ఆడా మగా పొద్దున ఆరింటికల్లా అక్కడికి చేరేవాళ్లు. కంట్రాక్టర్ విశ్వేశ్వర్ తరఫున అంజన్ మేస్త్రి లోపల ఫ్యాను కింద కూర్చుని, కిటికీలోంచి వాళ్లను సంతలో ఎడ్లను చూసినట్టు చూసేవాడు. నోరు తెరిచి ఎవరినీ పిలిచేవాడు కాదు. వేలు చూపించి, "వానికి చాయ్ ఇయ్యి" అని సీమోనుకు చెప్పేవాడు. ఆ చాయ్ తాగినవాడు ఆ రోజుకు విశ్వేశ్వర్ కూలీ. తాగాక కూలి ఎంతని గాని, ఎన్ని గంటలని గాని అడగడానికి లేదు. అడిగితే, "మా చాయ్ తాగినవ్ గదా, నడువ్" అనేవాడు. హాజిరు పుస్తకం లేదు, చీటీ లేదు, వేలిముద్ర లేదు. చాయే హాజిరు.

ఆడవాళ్లకు విడిగా చాయ్ పంపేవాళ్లు కాదు. మొగుడికో అన్నకో ఒక కప్పు ఇస్తే జోడీకి ఇచ్చినట్టే. అతను పార పట్టాలి, ఆమె తట్ట మోయాలి. కప్పులోంచి సగం సాసర్లో ఒంపి అతను ఆమెకిచ్చేవాడు. ఆమె మెట్టు పక్కకు జరిగి, గోడవైపు తిరిగి తాగేది. ఏళ్ల తరబడి చూసి చూసి ఇందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. పధ్నాలుగేళ్లుగా ఆ హోటల్లో చాయ్‌లు మోస్తున్న సర్వర్ సీమోనుకు అసలే తోచలేదు.

సీమోనుకు ఒక్క గర్వం ఉండేది, అది అతని జ్ఞాపకం. పన్నెండు టేబుళ్ల ఆర్డర్లు తలలో పెట్టుకుని ఒక్కటి తప్పిపోకుండా కేక వేసేవాడు. గిరాకీ లేచి గల్లా దగ్గరికి వస్తుంటే హాలు ఆ చివర నుంచే, "మూడో టేబుల్! దో చాయ్, ఏక్ బన్!" అని అరిచేవాడు. గల్లా మీద కూర్చున్న యజమాని హాజీసాబ్ తలెత్తకుండానే ఆ మాట నమ్మేవాడు. ఎవరు ఏం తాగారో సీమోను చెప్పాడంటే దానికి తిరుగులేదని ఆ చౌరస్తాకంతా తెలుసు.

ఆ సంగతి పోలీసులకు కూడా తెలుసు. గోడ కూలిన మధ్యాహ్నమే ఎస్సై అంజన్ మేస్త్రిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"పొద్దుగాల మైసయ్యకు చాయ్ ఇచ్చింది నువ్వేనా?"

"నేనే సాబ్."

"ఎన్నిచ్చినవ్?"

"ఒక్కటి."

"పక్కానా?"

సీమోనుకు పౌరుషం వచ్చింది. "పధ్నాలుగేండ్ల సంది ఇదే పని సాబ్. ఒక్క చాయ్ అటు ఇటు కాలే. మైసయ్యకు ఒక్కటే ఇచ్చిన."

ఎస్సై రాసుకుని సంతకం పెట్టమన్నాడు. మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివిన సీమోను గుండ్రటి అక్షరాలతో పేరు రాశాడు. బాగా రాశానని లోపల కాస్త మురిసిపోయాడు కూడా. ఆ మురిపెం గుర్తొచ్చి తర్వాత ఎన్నిసార్లు చెంపలేసుకున్నాడో లెక్క లేదు.

మర్నాడు పోస్టుమార్టం అయ్యాక శవాన్ని తెచ్చుకోవడానికి మైసయ్యతో పాటు భిక్షపతి వెళ్లాడు. భిక్షపతి బస్సుల డిపోలో మెకానిక్. యూనియన్ మనిషి. రోజూ ఐదో టేబుల్ దగ్గర పేపర్ చదివి, చదువు రానివాళ్లకు గట్టిగా వినిపించేవాడు. స్టేషన్లో పంచనామా కాగితం చదివి తిరిగొచ్చి, నేరుగా హోటల్ లోపలికి వచ్చి సీమోను ఎదురుగా నిలబడ్డాడు.

"ఏం రాసిన్రో ఎరికేనా? కంట్రాక్టర్ ఒక్క చాయే పంపిండు, గందుకే ఒక్క మనిషినే పనిల వెట్టుకున్నడు. కొమురమ్మ వాళ్ల కూలీ కాదు. సెంట్రింగ్ కట్టెలు ఎత్కపోనీకె గోడ పక్కకొచ్చింది, గోడ మీద వడ్డది. దొంగతనానికొచ్చి సచ్చింది. సాక్షి ఎవరో చెప్పాల్నా?"

సీమోను ట్రే టేబుల్ మీద పెట్టాడు. "నేను గట్ల చెప్పలే అన్నా. ఒక్క చాయ్ అన్న, గంతే."

"గంతే వాళ్లకు గావాల్సింది."

బస్తీ అంతా శవం వెనక నడిచింది. సీమోను కూడా నడిచాడు గాని పక్కన ఎవరూ నడవలేదు. గుంత దగ్గర అతను పిడికెడు మట్టి తీసుకుంటుంటే రాజమణి చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె కూడా ఆ అడ్డా కూలీయే. మొగుడు పోయాడు, తమ్ముడి జోడీగా పనికి పోయేది. గోడ కూలినప్పుడు నాలుగు బారల దూరంలో ఉంది.

"వద్దు," అంది. "నీ చేతి మన్ను ఆమెకొద్దు. ఆమె మీద దొంగ అని రాసిన చెయ్యి గది."

సీమోను మట్టి వదిలేశాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కలపలేకపోయాడు. భార్య నీలమ్మ మున్సిపాలిటీలో రోడ్లూడ్చే పని చేస్తుంది. ఆమె ఓదారుస్తుందనుకున్నాడు. ఆమె ఓదార్చలేదు.

"రేపు నేను రోడ్డు మీద లారీ కింద వడి సస్తే, చీపురు దొంగ అని రాస్తరు. గప్పుడు గూడ సంతకం వెడ్తవా?" అంది.

ఇక తిరుగుడు మొదలైంది. చెప్పుకుంటే సిగ్గుచేటు, ఆ తిరుగుడు. భిక్షపతి, రాజమణి, మైసయ్య మూడుసార్లు లేబర్ ఆఫీసుకు పోయారు. మొదటిసారి సాబ్ మీటింగులో ఉన్నాడు. రెండోసారి సాబ్ లేడు, కుర్చీకి ఆయన కోటు ఉంది. మూడోసారి సాబ్ ఉన్నాడు, కోటు ఉంది, అర్జీ లేదు. అంతకుముందు ఇచ్చిన కాగితం ఏ ఫైల్లో కలిసిపోయిందో ఎవరికీ తెలియదట. భిక్షపతి వరండా బెంచీ మీద కూర్చుని పళ్లు కొరుక్కుంటూ మళ్లీ మొదటి నుంచి రాశాడు.

"ఆమె కూలీ అన్నదానికి రుజువేంది?" అన్నాడు ఆఫీసరు.

"చాయ్ తాగింది సాబ్," అంది రాజమణి.

ఆఫీసరు నవ్వాడు. "చాయ్ నేను గూడ తాగుతున్న. నేను గూడ కూలీనేనా?" క్లర్కులు కూడా నవ్వారు.

"మరి పోలీసోళ్ల కాగితంల ఉన్నది చాయే గద సాబ్? ఒక్క చాయ్ అంటే ఒక్క కూలీ అని రాసుకున్నరు. గక్కడ రుజువైన చాయ్ గిక్కడ ఎందుకు గాదు?"

నవ్వులు ఆగిపోయాయి. ఆఫీసరు ఫైలు మూసి, పోలీసుల పని పోలీసులదని, వచ్చే నెలలో కనిపించమని చెప్పాడు. రాజమణికి ఆ బల్లను తన్నాలనిపించింది. తన్నలేదు. మెట్లు దిగుతూ భిక్షపతిని తిట్టింది, పాపం అతను దొరికాడు కాబట్టి. "అర్జీ, అర్జీ! నీ అర్జీలు వాళ్లకు మిర్చిబజ్జీలు సుట్టుకొనికే పనికొస్తయి!" భిక్షపతి అర్జీ నకలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అతనికీ అదే అనిపిస్తోంది.

మైసయ్య అన్నిచోట్లా వాళ్ల వెంట ఉన్నాడు గాని ఒక్క మాట మాట్లాడలేదు. శవాన్ని దించిన రోజు నుంచి అతని నోట మాట రాలేదు. గోడ ఉబ్బిందని ఆ పొద్దున మేస్త్రితో చెప్పింది అతనే. "మా చాయ్ తాగినవ్ గదా, తవ్వు" అన్నాడు మేస్త్రి. అతను తవ్వాడు. ఆమె తట్ట ఎత్తుకుంది. ఆ ముక్క రాజమణి నోటి నుంచే బస్తీకి తెలిసింది.

సీమోను ఒక్కడే స్టేషన్‌కు పోయి వచ్చాడు. తన మాట తిరిగి రాసుకోమన్నాడు. రైటర్ తల కూడా ఎత్తలేదు. "సంతకం వెట్టిన మాట మారిస్తే అబద్ధం సాక్ష్యం కింద నిన్నే లోపలేస్తం. నడువ్" అన్నాడు. హోటల్‌కు వస్తే హాజీసాబ్ దగ్గరికి పిలిచి, ఇక నోరు మూసుకొమ్మన్నాడు. పొద్దునే ఎనభై కప్పులు తీసుకునే గిరాకీ విశ్వేశ్వర్.

"సీమోన్, తూ మేరా పురానా ఆద్మీ హై. ఏక్ చాయ్ బోలా, ఖతం. అబ్ చుప్ రెహ్."

"ఝూట్ హోగయా సేఠ్."

"చాయ్ ఝూట్ నై. చాయ్ సచ్. బాకీ పోలీస్‌కా కామ్."

నిజమే, చాయ్ మాట నిజమే. ఎంత తల బద్దలు కొట్టుకున్నా తను ఆడిన అబద్ధం ఎక్కడుందో సీమోనుకు దొరకలేదు. నిజం చెప్పి ఒక మనిషిని దొంగను చేశాడు. పొద్దున్నే మళ్లీ అంజన్ వేలు చూపించడం, తను కప్పులు మోయడం, అరుగు పక్కన ఆడవాళ్లు గోడవైపు తిరిగి సాసర్లు ఊదుకోవడం. పధ్నాలుగేళ్లు కనపడనిది ఇప్పుడు రోజూ కంట్లో నలుసులా గుచ్చుకుంటోంది.

ఆ ఆదివారం సాయంత్రం బస్తీ నల్లా దగ్గర కూర్చున్నారు. బిందెల వరస పక్కకు జరిపి నలభై మంది దాకా చేరారు. భిక్షపతి లేచి యూనియన్ భాషలో మొదలుపెట్టాడు. దోపిడీ అన్నాడు, చట్టం అన్నాడు, సంఘటితం అన్నాడు. జనం ఆవలించారు. రాజమణి అతని చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

"నేను ఒక్క మాట అడుగుత. ఆమె సాసర్ల తాగింది. సాసర్ల తాగితే పని చేసినట్టు గాదా?"

"చేసినట్టే," అన్నారు.

"మరి గది నోటితోని చెప్పేటోడు ఎవ్వడు లేడేంది? మేస్త్రి రోజు మా చాయ్ తాగినవ్ అంటడు గదా? మనం తాగకుంటే వాడేం జేస్తడు?"

అరవై ఏళ్ల రాజన్న చుట్ట ఆర్పి లేచాడు. "మాటలు సల్లగుంటయి బిడ్డా. మనం తాగకుంటే జహనుమా అడ్డోళ్లు తాగుతరు. మన పొయ్యిల పిల్లి పంటది."

"జహనుమాల ఆడోళ్లు లేరా? వాళ్లకు సాసర్లు లేవా? రేపు నేను పోయి మాట్లాడొస్త."

"ఆడోళ్లు మాట్లాడితే అయితదా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

అంతే, రాజమణికి మండిపోయింది. "ఎవడ్రా గది? లేసి నిలవడు! మేస్త్రి ఒక్కడే మమ్ముల లెక్కలకెళ్లి తీసేసిండా? కప్పు మీ చేతిల ఉంటుండె. సగం సాసర్ల ఒంపి ఇస్తుంటిరి. గదేదో పెద్ద ప్రేమ అనుకున్నం మేం! ఆమె గూడ పనికొస్తది, ఆమెకు గూడ ఒక కప్పు ఇయ్యమని ఒక్కనాడు, ఒక్క మొగోడు అడిగిండా? అడిగి ఉంటే ఇయ్యాల ఆమె దొంగ అయితుండెనా?"

మగవాళ్లు తలలు వంచుకున్నారు. ముసలి సక్కుబాయి కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "నలభై ఏండ్ల సంది సాసర్లనే తాగుతున్ననే. కప్పు చెవి ఎట్ల వడ్తరో గూడ రాదు నాకు" అంది. ఆమె నవ్వించడానికి అనలేదు, ఎవరూ నవ్వలేదు.

సీమోను లేచి నిలబడ్డాడు. "తప్పు నాది. గా కప్పు ఇచ్చింది నేను, సంతకం..."

"నీ తప్పు ఇంటికాడ ఏడ్చుకో అన్నా, మాకు టైం లేదు," అంది రాజమణి. "పొద్దంత వాళ్ల నడుమ తిరుగుతవ్. మేస్త్రి, కంట్రాక్టర్ ఏం మాట్లాడుకుంటరో గది చెప్పు."

సీమోను కళ్లు తుడుచుకున్నాడు. చాయ్ ఇచ్చేవాడు పక్కన నిలబడితే మాట ఆపాలని పెద్దవాళ్లకు తోచదు. అన్నీ వినిపిస్తాయి. విన్నది అతను మరిచిపోడు.

"బుధారం స్లాబ్," అన్నాడు. "దేవిడి ముంగట కడుతున్న బిల్డింగు పైకప్పు. సెంట్రింగ్ అయిపోయింది, ఇనుప సలాక కట్టుడు అయిపోయింది. కాంక్రీటు మాల్ కలిపే మిషన్ బుధారం ఒక్కనాటికే దొరికింది. అరవై మంది గావాలె. మొదలువెడితే నడుమ ఆపరాదు, ఆపితే పగుల్తది. ఇంక ఆగితే వాన గొడతదని కంట్రాక్టర్‌కు రెండు దినాల సంది నిద్ర లేదు."

నల్లా దగ్గర అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భిక్షపతి మెల్లగా, "అర్జీ ఇయ్యాల్సింది గక్కడ" అన్నాడు. మూడు వారాల్లో రాజమణి అతని మాటకు తలూపింది అదే మొదటిసారి. ఓ మూలకు బిందె మీద కూర్చున్న మైసయ్య తలెత్తి సీమోనును చూశాడు.

బుధవారం మబ్బు పట్టి ఉంది. ఆరు కొట్టేసరికి అరుగు నిండి రోడ్డు మీదికి వచ్చారు. జహనుమా అడ్డా వాళ్లు కూడా ముప్ఫై మంది వచ్చారు. రెండు రోజులు అక్కడ ఆడవాళ్లతో కూర్చుని వచ్చింది రాజమణి. కిటికీలోంచి ఆ జనాన్ని చూసి అంజన్ మేస్త్రి పొంగిపోయాడు. "ఇయ్యాల ఏరుడు లేదు. మొగోళ్లందరికి ఇయ్యి" అన్నాడు.

సీమోను ట్రే మీద ట్రే మోశాడు. ఒక్కొక్కరూ కప్పు అందుకున్నారు, పక్కన అరుగు అంచు మీద పెట్టారు, చేతులు కట్టుకుని నిలబడ్డారు. కప్పుల వరస ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగింది. పొగలు వస్తున్నాయి. ఒక్కరూ తాగలేదు. పొద్దుటి ఆకలికి కొందరి నోళ్లలో నీళ్లూరుతున్నాయి. రాజన్న అయితే కప్పు వైపు చూడలేక ఆకాశం వైపు చూస్తున్నాడు.

"ఏందిరా, ఏం తమాషా గిది?" అన్నాడు అంజన్ బయటికి వచ్చి. "తాగుండ్రి, టైం అయితుంది."

అప్పుడు ఆడవాళ్లు మెట్లెక్కారు.

ఆ హోటల్ ముందు హాల్లో ఆడమనిషి కూర్చోవడం ఎవరూ ఎరగరు. కుటుంబాలతో వచ్చేవాళ్లకు వెనక పరదా గది ఉంది. కూలి ఆడవాళ్లకు అదీ లేదు, మెట్టు కిందే వాళ్ల చోటు. ఇరవై ముగ్గురు తట్టలు గుమ్మం దగ్గర బోర్లించి, లోపలికి వచ్చి పాలరాతి టేబుళ్ల ముందు కూర్చున్నారు. కుర్చీలు గరగరలాడాయి. రాజమణి పోయి అంజన్ టేబుల్ దగ్గరే, అతని కుర్చీకి ఎదురుగా కూర్చుంది.

"హాజీసాబ్! నికాలో ఇనోకో!" అని గుమ్మం వైపు చెయ్యి చూపిస్తూ అరిచాడు అంజన్.

హాజీసాబ్ ఆడవాళ్లను చూశాడు, అంజన్‌ను చూశాడు, నిండిపోయిన టేబుళ్లను చూశాడు. "చాయ్ పీనే ఆయే తో గిరాకీచ్ హై నా, మియా" అని, చాయ్‌కు వచ్చినవాళ్లంతా గిరాకీలే అన్నట్టు మళ్లీ గల్లాలోకి తల వంచాడు.

"సీమోనన్నా, చాయ్," అంది రాజమణి.

"ఎన్ని?"

"మనిషికొకటి. పేరుపేరున."

సీమోను హాలు నడిమధ్యకు వచ్చాడు. అంతవరకూ అతను టేబుళ్ల నెంబర్లే అరిచాడు. ఇప్పుడు గొంతెత్తి, "రాజమణికి ఒక చాయ్! సక్కుబాయికి ఒక చాయ్! ఆండాలుకు ఒక చాయ్! ఆగమ్మకు ఒక చాయ్!" అని మొదలుపెట్టాడు. లోపల చాయ్ పోసేవాడు తడిక పక్కకు తీసి తొంగిచూశాడు. ఒక్క పేరు తప్పలేదు. ఇరవై మూడు పేర్లయ్యాక ఊపిరి పీల్చుకుని, ఇంకా గట్టిగా అరిచాడు. "కొమురమ్మకు ఒక చాయ్!"

ఆ కప్పును తనే తెచ్చి, ఎవరూ కూర్చోని కుర్చీ ముందు పెట్టాడు.

ఎనిమిదింటికి కంట్రాక్టర్ విశ్వేశ్వర్ జీపులో దిగాడు. అక్కడ స్లాబ్ దగ్గర మిషన్ ఉత్తగా తిరుగుతోంది. మనిషి మెత్తగా మాట్లాడతాడు, అదే అతనితో చిక్కు. చేతులు జోడించి లోపలికి వచ్చాడు.

"చెల్లెలా, గింత చిన్న ముచ్చటకు లొల్లి ఎందుకు? ఇయ్యాల్టి సంది ఆడోళ్లకు గూడ తలా ఒక కప్పు. నా మాట. ఇగ సంతోషమేనా? నడువుండ్రి."

"కంట్రాక్టర్ ఒప్పుకున్నడు గదా," అన్నాడు రాజన్న గుమ్మంలోంచి. ఇంకో నలుగురు సై అన్నారు. చేతులు కప్పుల వైపు కదిలాయి. ఇంత చేసి, ఇంత చాయ్‌కు అమ్ముడుపోతామా అని సీమోనుకు ఏడుపొచ్చింది.

రాజమణి లేవలేదు. "మా చాయ్ ముచ్చట సరే. కొమురక్క చాయ్ సంగతేంది? ఆమె నీ కూలీ అని, నీ పని మీద సచ్చిపోయిందని నీ చేతితోని రాసియ్యి. గప్పుడు నడుస్తం."

"గది పోలీసు కేసు చెల్లె. రేపు కూసొని మాట్లాడుదాం."

"అయితే స్లాబ్ గూడ రేపే ఏసుకుందాం."

బయట ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు అరుగంతా పాకింది. కప్పుల వైపు పోయిన చేతులు వెనక్కి వచ్చాయి. విశ్వేశ్వర్ మొహంలో మెత్తదనం పోయింది. గల్లా మీది ఫోన్ లాక్కున్నాడు.

ఎస్సై వ్యాను వేసుకుని అరగంటలో వచ్చాడు. లాఠీలు పట్టుకుని పదిమంది దిగారు. "ఎవడు లేపిండు ఈ లొల్లి?" అన్నాడు. అంజన్ వేలు చూపించాడు. రోజూ కూలీల మీదికి చాచిన వేలే, ఇప్పుడు సీమోను మీదికి తిరిగింది.

ఎస్సై కాలర్ పట్టుకున్నాడు. "ఒక్క చాయ్ అని సంతకం వెట్టింది నువ్వే గదరా? ఇప్పుడు మాట మారుస్తవా?"

"మార్చలే సాబ్. ఒక్క చాయే ఇచ్చిన. గానీ చాయ్‌లు ఎన్ని అని అడిగిన్రు మీరు. మనుషులు ఎంతమంది అని అడగలే. ఇప్పుడడుగుండ్రి."

ఎస్సై అడగలేదు. ఎందుకడుగుతాడు? మెడ మీద చెయ్యి వేసి తోశాడు. గుమ్మం దగ్గర సీమోను రెండు తలుపులూ పట్టుకుని ఆగిపోయాడు. గల్లాకు వినిపించేలా అరిచే ఆ పాత గొంతుతోనే, ఈసారి రోడ్డుకంతా వినిపించేలా అరిచాడు.

"గోడ వడ్డ దినం, పొద్దుగాల! మైసయ్య, కొమురమ్మ! ఒక్క చాయ్, ఇద్దరు కూలీలు!"

లాఠీ వీపు మీద పడింది. ఇంకోటి పడింది. అతన్ని ఈడ్చి వ్యాన్లో వేశారు. జనం బిగుసుకుపోయి చూస్తున్నారు. అప్పుడు అరుగు కింద ఒక గొంతు లేచింది. మూడు వారాలుగా ఎవరూ వినని గొంతు.

"ఇద్దరం పోయినం సాబ్!" మైసయ్య వ్యాను ముందుకు వచ్చి నిలబడ్డాడు. "నేను, నా పెండ్లాం. ఇద్దరం పోయినం. ఒక్కన్నే తిరిగొచ్చిన. గోడ ఉబ్బిందని చెప్పిన, ఇనలే. ఇద్దరం పోయినం!"

"ఇద్దరు!" అన్నాడు రాజన్న ముందుగా, ఇందాక తాగుదామన్న రాజన్నే.

"ఇద్దరు!" అన్నారు జహనుమా వాళ్లు. ఆడవాళ్లు హోటల్లోంచి కదిలి వచ్చి వ్యాను ముందు రోడ్డు మీద కూర్చున్నారు. మగవాళ్లు వాళ్ల వెనక కూర్చున్నారు. సైకిళ్లు ఆగాయి, రిక్షాలు ఆగాయి. ఏం జరిగిందని అడిగినవాళ్లకు ఎవరో ఒకరు చెబుతున్నారు, విన్నవాళ్లు కూడా ఆ మాటే అరుస్తున్నారు. అరుగు మీద తాగని చాయ్‌ల మీద చినుకులు పడడం మొదలైంది. విశ్వేశ్వర్ ఆకాశం వైపు చూసి జీపు ఎక్కాడు.

"అందర్ని ఎక్కించు!" అని ఎస్సై అరిచాడు. "పేర్లు రాస్కో!"

రైటర్ పుస్తకం తెరిచి, అందరికంటే ముందు కూర్చున్న రాజమణి దగ్గర వంగాడు. "పేరు చెప్పు."

"చెప్త. మనిషి మనిషికి విడిగా రాయి. మొగుని పేరు కింద గాదు," అంది. "ముందుగాల కొమురమ్మ పేరు రాయి."

రైటర్ ఎస్సై వైపు చూశాడు. వ్యాను జాలీ పట్టుకుని సీమోను ఆ పుస్తకం వైపే చూస్తున్నాడు. రాజమణి రోడ్డు మీంచి లేవలేదు.

"రాయి," అంది మళ్లీ. "ఆమె తర్వాతనే మేమంతా చెప్తం."